పదకొండు స్టాపుల దూరం

డిపోలో ఆమెను పేరు పెట్టి పిలిచినవాళ్ళు లేరు. పై ఆఫీసరు మొదలుకొని ప్రయాణికుల చంటిపిల్లల దాకా అందరికీ ఆమె కండక్టరమ్మే. పందొమ్మిదేళ్ళు ఒకటే రూటు, మార్కెట్టు నుంచి రేవు దాకా, పదకొండు స్టాపులు. గొంతు ఎలాంటిదంటే, వెనక సీట్లో గురకపెట్టేవాడు కూడా తన స్టాపు పేరు వినగానే ఉలిక్కిపడి లేచేవాడు. బస్సు కిక్కిరిసినప్పుడు, "వెనక్కి జరగండయ్యా, అక్కడ ఇంకో కాపురం పెట్టేంత చోటుంది!" అని ఆమె అరిస్తే, తిట్టుకుంటున్నవాళ్ళు కూడా నవ్వి జరిగేవారు.

డ్రైవరు ఆమెకంటే పదేళ్ళు పెద్ద. ఎంత తొందరున్నా ముప్పై దాటించడు కాబట్టి అందరూ ఆయన్ని నిదానం అనేవారు. ఆమెకు మాత్రం అన్నయ్య.

రేవు స్టాపులో బస్సు పది నిమిషాలు ఆగేది. పదకొండూ ఇరవైకి చేరితే పదకొండున్నరకు తిరుగు ప్రయాణం. ఆ పది నిమిషాల కోసమే ఆమె ఈ రూటు వదులుకోలేదు. స్టాపు వెనకే చెల్లెలి ఇల్లు. పెరటి మెట్ల మీద కూర్చుని, చెప్పులు విడిచి, కాళ్ళు బారజాపితే ఎదురుగా నది. చెల్లెలు టీ గ్లాసు చేతికిచ్చి పక్కన కూర్చునేది. మరిది పడవలు బాగుచేసేవాడు. చేతులకు తారు, చెవి మీద పెన్సిలు. "వదినా, టిక్కెట్టు ఏదీ? లేకపోతే దించేస్తాను" అని రోజూ అదే హాస్యం. రోజూ అక్కచెల్లెళ్ళిద్దరూ నవ్వేవాళ్ళు.

ఆమెకు నలభైనాలుగో ఏట ఒక రోజు, ఆరో స్టాపు దాటాక వంతెన మీద బస్సు ఆగిపోయింది. ముందు ఏదో లారీ అడ్డం తిరిగింది. ఎండ. లోపల నిలబడటానికి చోటు లేదు. ఆమె మధ్యలో, టిక్కెట్ల మిషను పట్టుకుని ఉంది. ఉన్నట్టుండి గుండె దడదడా కొట్టుకోవడం మొదలుపెట్టింది. వేళ్ళు తిమ్మిరెక్కాయి. కళ్ళు బైర్లు కమ్మాయి. ఎంత పీల్చినా ఊపిరి చాలడం లేదు. తలుపు వైపు చూసింది, మధ్యలో ముప్పై మంది. కిటికీలోంచి చూసింది, కింద నీళ్ళు. ఇంతే, పోతున్నాను అనుకుంది.

లారీ తొలగగానే, జీవితంలో మొదటిసారి నిదానం ముప్పై దాటించి, ప్రయాణికులతో సహా బస్సును ఆసుపత్రి గేటు ముందు ఆపాడు.

పరీక్షలన్నీ చేశారు. గుండె నిక్షేపంగా ఉందన్నారు. ఒకరు నీరసమన్నారు, ఒకరు గ్యాసన్నారు. వారం తర్వాత డ్యూటీకి వెళ్ళింది. వంతెన దగ్గరపడుతుంటేనే అరచేతులు తడిసిపోయాయి. మళ్ళీ అదే. మూడోసారి వంతెన దాకా కూడా పోలేదు, మార్కెట్టులోనే వచ్చింది. సెలవు పెట్టింది. సెలవు పొడిగించింది. ఉద్యోగం మానేసింది.

ఆ తర్వాత లోకం కొంచెం కొంచెంగా కుంచించుకుపోయింది. బస్సు ఎక్కడం మానేసింది. ఎక్కడ వచ్చిందో అక్కడికి మళ్ళీ పోకూడదనుకునేది. పోకపోతే ప్రాణం హాయిగా ఉండేది, ఆ హాయి కోసం ఇంకో చోటు వదులుకునేది. ఒక వానాకాలం గడిచేసరికి వీధి మలుపులోని కొట్టు కూడా దూరదేశమైపోయింది. చివరికి గేటు. గేటుకున్న గొళ్ళెం మీద చెయ్యి వేస్తే చాలు, గుండె గొంతులోకి వచ్చేది.

భర్త బేకరీలో పనిచేసేవాడు. తెల్లవారకముందే వెళ్ళి మధ్యాహ్నానికి పిండి వాసనతో తిరిగివచ్చేవాడు. మెత్తని మనిషి. భార్యను ఒక్క మాట అనలేదు. సామాన్లు తనే తెచ్చాడు, చుట్టాలకు తనే సర్దిచెప్పాడు. "నీకెందుకోయ్ శ్రమ, నేను లేనూ?" అనేవాడు. ఆ మాట ఆమెకు కొండంత అండ. అదే గొళ్ళేనికి ఇంకో తాళం వేస్తోందని ఇద్దరికీ తెలియదు. ఇరుగుపొరుగు మాత్రం, "ఆవిడకేం, కాలు కింద పెట్టనివ్వడు" అని చెవులు కొరుక్కునేవారు.

మొదట్లో వారానికోసారి చెల్లెలే వచ్చేది. ఇంతలో మరిదికి పక్షవాతం వచ్చి ఎడమ వైపు పడిపోయింది. ఆయన్ని వదిలి చెల్లెలు గంటసేపు కూడా కదలలేని పరిస్థితి. అక్కేమో గడప దాటదు. మధ్యలో పదకొండు స్టాపులు.

ఫోను ఒక్కటే మిగిలింది. రోజూ సరిగ్గా పదకొండూ ఇరవైకి. మాటలు అయిపోయాక అక్క అడిగేది:

"ఏమే, ఒక్కసారి ఫోను కిటికీ దగ్గర పెట్టవే."

"మళ్ళీనా? నిన్న వినలేదూ?"

"నిన్నటిది నిన్న. పెట్టు."

చెల్లెలు పెట్టేది. అక్క కళ్ళు మూసుకునేది. ఒడ్డున మరిది దగ్గరి పనివాడు పడవ చెక్క మీద కొట్టే సుత్తి చప్పుడు. ఎవరో ఎవరినో కేకేయడం. బస్సు ఇంజను గురగుర. నిదానం హారన్ రెండుసార్లు కొడితే బయలుదేరుతున్నట్టు. బస్సు వెళ్ళిపోయిన తర్వాత కూడా ఆమె ఫోను చెవికి ఆనించుకునే ఉండేది. ఆ పెరటి మెట్టు ఎండకు ఎంత వేడెక్కి ఉంటుందో ఒంటికి తెలుస్తున్నట్టే ఉండేది. ఊరు విడిచి పోయినవాళ్ళు ఊరి కోసం బెంగపడటం ఆమెకు తెలుసు. ఉన్న ఊళ్ళోనే ఉండి అదే ఊరి కోసం బెంగపడేదాన్ని ఏమంటారో ఆమెకు తెలియదు. ఎవరితో చెప్పినా నవ్వుతారని చెప్పలేదు.

అలా మూడేళ్ళు గడిచాయి. నాలుగో ఏడు మరిది పోయాడు.

కబురు తెలిసిన గంటలో నిదానం ఎవరిదో కారు అడిగి తెచ్చి ఇంటి ముందు ఆపాడు. ఆమె ఉతికిన చీర కట్టుకుంది, చెప్పులు వేసుకుంది, గేటు దాకా వచ్చింది. గొళ్ళెం పట్టుకుంది. భర్త భుజం పట్టుకున్నాడు. నిదానం కారు తలుపు తెరిచాడు. ఆమె కాళ్ళు కదల్లేదు. "మీరు వెళ్ళండి" అన్న మాట కూడా పూర్తిగా పెగలలేదు. గేటు లోపలే, నేల మీద, అలాగే కూలబడింది. కారు వెళ్ళిపోయిన చప్పుడు వింది.

మర్నాడు పదకొండూ ఇరవైకి ఫోను మోగలేదు. తనే చేసింది. చాలాసేపటికి చెల్లెలు ఎత్తింది.

"అక్కా, ఆయన చివరి వారమంతా అడిగాడు. వదిన వచ్చిందా అని. నేను రోజూ, రేపొస్తుంది అని చెప్పాను."

ఫోను పెట్టేసింది. ఆ తర్వాత ఫోను మోగనే లేదు. అక్కకు చేసే ముఖం లేదు.

రెండు నెలలకు నిదానం ఒక రోజు వచ్చి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఆయన కోడలు ఆసుపత్రిలో నర్సు. "అమ్మా, కోపం తెచ్చుకోకు. నీది భయం కాదు, జబ్బు. మా కోడలు చెప్పింది. దానికి పేరుంది, వైద్యముంది. ఒకావిడ ఇంటికే వస్తుందట. రమ్మననా?" అన్నాడు.

వచ్చిన మనిషికి ముప్పై ఐదుంటాయి. భుజాన పెద్ద సంచీ. కూర్చోగానే, "నేను మందులు రాసే డాక్టర్ని కాదండీ, మాటల డాక్టర్ని. మందుల డాక్టరు వేరే ఉన్నారు, అవసరమైతే ఆయనతో కూడా మాట్లాడదాం" అంది. మొత్తం విన్నది. వంతెన, మార్కెట్టు, గేటు, కారు. మధ్యలో ఎక్కడా అయ్యో పాపం అనలేదు. అది కండక్టరమ్మకు నచ్చింది.

"మీకు దేనికి భయమో చెప్పండి. వీధికా?"

కండక్టరమ్మ ఆలోచించింది. "వీధికి ఎందుకండీ భయం? అక్కడ అది వస్తే ఎలా అని. వస్తే పారిపోవడానికి దారుండదని. నలుగురిలో పడిపోతానని."

"అదీ సంగతి. దీన్ని అగోరాఫోబియా అంటారు. మీ భయం బయటికి కాదు, బయట మీ ఒంట్లో లేచే దడకి. ఆ దడ నిజంగా పులి వస్తే పరిగెత్తించడానికి పెట్టినది. మీకు పులి లేకుండానే మోగుతోంది. మోగిన ప్రతిసారీ మీరు ఇంటికి పరిగెత్తారు. దాంతో ఒంటికి ఏమర్థమైంది? పులి నిజమే, పరిగెత్తబట్టే బతికాం అని."

"మరి పరిగెత్తకపోతే?"

"పెరుగుతుంది. ఇంకా పెరుగుతుంది. ఆ తర్వాత తగ్గుతుంది. తగ్గేదాకా మీరు ఎప్పుడూ ఆగి చూడలేదు. ఇప్పుడు చూద్దాం."

మందుల డాక్టరు రోజుకో మాత్ర రాశాడు. పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుందని ముందే చెప్పాడు. మాటల డాక్టరు పని మాత్రం మొదటి వారమే మొదలైంది. ఆ దడను కావాలని తెప్పించుకోవాలట. హాల్లో నిలబడ్డచోటే పరుగెత్తాలి, కుర్చీలో గిర్రున తిరగాలి, అప్పుడు గుండె కొట్టుకుంటుంటే కూర్చుని, అది తనంతట తాను నెమ్మదించడం చూడాలి. ఒక మధ్యాహ్నం భర్త బేకరీ నుంచి వచ్చి తలుపు తీసేసరికి, భార్యా మాటల డాక్టరూ ఎదురెదురుగా నిలబడి, చెమటలు కక్కుతూ, ఎక్కడికీ కదలకుండా పరుగెత్తుతున్నారు. రొట్టెల సంచీ పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"ఏ ఊరికోయ్ ప్రయాణం?" అన్నాడు.

ఆమె పకపకా నవ్వింది. చాలా రోజుల తర్వాత ఆ ఇంట్లో వినిపించిన నవ్వు అది. నవ్వుకు గుండె ఇంకా కొట్టుకుంది. కొట్టుకోనీ అనుకుంది.

తర్వాత గేటు వంతు. గేటు బయట రెండు నిమిషాలు. మర్నాడు ఐదు. భర్త చెయ్యి పట్టుకోకూడదని షరతు. అది ఆమెకంటే ఆయనకే కష్టమైంది. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడేవాడు. మలుపులో కొట్టు దాకా వెళ్ళిన రోజు కొట్టువాడు, "ఏమ్మా, ఊళ్ళో లేరా ఇన్నాళ్ళూ?" అన్నాడు. "లేనయ్యా" అంది ఆమె.

బస్సు షెల్టరులో ఎక్కకుండా కూర్చుని బస్సులు చూసింది ఒక వారం. నిదానం రిటైరవడానికి ఆర్నెల్లుంది. ఆయన బస్సు ఆపి తలుపు తెరిస్తే, ఎక్కి దిగిపోయేది. ఆ తర్వాత ఒక స్టాపు. ఆ తర్వాత రెండు. మూడో స్టాపు దగ్గర ఒక రోజు దెబ్బతింది. బస్సులో ఎవరో స్పృహ తప్పారు. ఆమె జనాన్ని తోసుకుని దూకినట్టు దిగి, ఇంటికి నడిచి, పదహారు రోజులు గేటు ముట్టుకోలేదు.

"అంతా పోయిందండీ" అంది మాటల డాక్టరుతో.

"ఇంటికి ఎలా వచ్చారు?"

"నడిచే."

"మూడు స్టాపులు. ఒంటరిగా. జనం మధ్య. పోయిన ఏడు నడిచేవారా?"

ఆమె మర్నాడు గేటు తీసింది.

వంతెనకు నాలుగు నెలలు పట్టింది. పర్సులో అత్యవసరానికని దాచుకున్న మాత్ర ఉండేది. దాన్ని ఎప్పుడూ వేసుకోలేదు, అది లేనిదే కదలనూ లేదు. ఒక రోజు దాన్ని ఇంట్లోనే వదిలి బస్సెక్కింది. వంతెన మీద దడ వచ్చింది. వేళ్ళు తిమ్మిరెక్కాయి. సీటు కమ్మీ వదిలేసి, చేతులు ఒళ్ళో పెట్టుకుని, కిటికీలోంచి నీళ్ళను చూసింది. రా, ఎంత వస్తావో రా అనుకుంది. వచ్చింది. ఏడో స్టాపు, ఎనిమిదో స్టాపు. తొమ్మిదో స్టాపు దగ్గర, ముందు సీటులోని పాప జడ రిబ్బను ఊడిపోతుంటే ముడివేసి, అప్పుడు గమనించింది, దడ లేదని. ఎప్పుడు వెళ్ళిందో చూసుకోనే లేదు.

రేవులో దిగింది.

చెల్లెలు తలుపు తీసి అలాగే చూసింది. చిక్కిపోయింది. జుట్టు సగం నెరిసింది. ఒకళ్ళనొకళ్ళు చూసుకుని ఎన్నాళ్ళైందో ఇద్దరి ముఖాల్లోనూ తెలుస్తోంది.

"ఎవరు తీసుకొచ్చారు?"

"ఎవరూ లేరే. నేనే వచ్చాను."

"ఇప్పుడా?" అంది చెల్లెలు. ఆ ఒక్క మాటలో ఏడాది కోపమంతా ఉంది. పక్కకు జరిగి దారి మాత్రం ఇచ్చింది.

మరిది మంచం తీసేశారు. అది ఉన్న మేర నేల మాత్రం వేరే రంగులో ఉంది. అక్క అక్కడే ఆగిపోయింది. వచ్చేదారంతా ఆమె ఇంటినే తలుచుకుంది కానీ, ఇల్లు తన కోసం ఆగి ఉండదని తలుచుకోలేదు. పెరట్లో పడవ పని లేదు. ఒడ్డు ఖాళీ. కాలు జాపుకోవడానికి మెట్టు ఉంది, నవ్వించడానికి మనిషి లేడు. ఇన్నేళ్ళూ కళ్ళు మూసుకుని విన్నది ఈ చోటునే, కానీ ఇది అది కాదు.

"గేటు దాకా వచ్చానే ఆ రోజు" అంది అక్క. "చీర కట్టుకుని వచ్చాను. ఎందుకు ఆగిపోయానో నాకప్పుడు తెలియదు. ఇప్పుడు తెలిసింది. తెలిసినా నీకు చెప్పుకోవడానికి మొహం లేదు."

చెల్లెలు కొంగుతో మెట్టు మీద దుమ్ము తుడిచింది. "బావ చెప్పాడు, గేటు లోపల పడిపోయావని" అంది. "నేను నమ్మలేదు. నమ్మితే ఇంకెవరి మీద కోప్పడను, చెప్పు?"

అప్పుడు ఇద్దరూ ఏడ్చారు. మెట్టు మీద కూర్చుని, ముక్కులు చీదుకుంటూ, చిన్నప్పుడు ఏడ్చినట్టు ఏడ్చారు. బయట హారన్ రెండుసార్లు మోగింది. బస్సు కదిలిపోయింది. అక్క లేవలేదు.

"వెళ్ళిపోయింది" అంది చెల్లెలు.

"గంటకొకటి ఉంటుందిలే."

ఉద్యోగం తిరిగి రాలేదు. మందు ఏడాదిన్నర వాడి, డాక్టరు చెప్పినట్టు మెల్లగా మానేసింది. దడ ఇప్పటికీ ఎప్పుడైనా వస్తుంది, ఆమె దానికి చోటిచ్చి కూర్చుంటుంది. మరిది కోసం బాధ మాత్రం ఏ వైద్యానికీ లొంగలేదు. మాటల డాక్టరు కూడా, అది జబ్బు కాదండీ, ఉండనివ్వండి అంది.

రేవుకు మొదటిసారి వచ్చిన ఆ రోజే, చీకటి పడకముందే అక్క బయలుదేరుతుంటే, చెల్లెలు గుమ్మం దాకా వచ్చి తటపటాయించింది.

"అక్కా, మూడేళ్ళు ఆయన్ని చూసుకుంటూ నేనూ ఈ వీధి దాటలేదే. ఇప్పుడు దాటాలంటే ఎటు వెళ్ళాలో తోచడం లేదు. కళ్ళజోడు మార్చుకోవాలి, ఏదీ సరిగ్గా కనపడటం లేదు. మార్కెట్టు దగ్గర కొట్టుంది కదా."

"ఉంది."

"నాతో వస్తావా?"

"గురువారం" అంది అక్క. "పొద్దున్నే వస్తాను. తయారై ఉండు."