ఈల మానేసిన చాచా

ఎమ్మిగనూరులో మైకు పట్టుకుని వాక్యం చెబుతుండగా కబురొచ్చింది. ఆదోనిలో మా పక్కింటి చాచా పోయారు. అంతసేపూ ఉరిమిన మైకును అక్కడే వదిలి బయలుదేరాను.

పెళ్లి ఊరేగింపులకు గుర్రాన్ని నడిపి బతికిన మనిషి. అంతకుముందు పట్నంలో పందెపు గుర్రాల కాపరి. నాలాగే బడి గడప తొక్కలేదు. “గుర్రానికి ముందు చెయ్యి, తర్వాత మాట” అనేవారు. మెడ మీద చెయ్యి వెయ్యకుండా ఎవరైనా అదిలిస్తే ఒప్పుకునేవారు కాదు. నన్నూ వదల్లేదు. “ఏమప్పా పాస్టరూ, నీ మైకుకు బెదిరి నా గుర్రం గడ్డి మానేసింది. దేవునికేమన్నా సెవుడా?”

ఆయన ఈల వేయగా నేనెప్పుడూ వినలేదు. ఒక సాయంత్రం ఆయనే కారణం చెప్పారు. గెలిచిన గుర్రానికి మందు పెట్టారేమోనని మూత్రం పట్టి పరీక్షిస్తారట. అది పోసేదాకా కాపరి పక్కన నిలబడి మెల్లగా ఈల వేయాలట. గుర్రానికి పిల్లప్పుడే నేర్పిన ఈల అది.

“నేను సూసుకునే గుర్రం కాలు నొప్పితో కుంటుతాండె. నొప్పి తెలీకుండా యజమాని సూది ఏపిస్తే, కదలకుండా పట్టుకున్నోన్ని నేనే. గెలిచె. ఈలేస్తే నన్ను నమ్మి పోసె. పరీక్షలో ఏమీ దొరకలే. వాళ్లు లిస్టులో ఉన్న మందులే కదా యెతికేది? ఇది కొత్త మందు. మల్లా పందెంలోనూ అదే సూది, కాలిరిగినా నొప్పి తెలీక ఇరిగిన కాలుతోనే ఉరికె. ఇంక పనికిరాదని ఆడనే సంపేసినారు.” నా వైపు తిరిగి అడిగారు. “పైనోడు నన్ను మన్నిస్తాడాప్పా?”

తన పశువు ప్రాణాన్ని దయతో చూసేవాడే నీతిమంతుడన్న వాక్యం నా నాలుక మీద సిద్ధంగా ఉంది. “మనుషుల పరీక్ష దాటొచ్చు చాచా, దేవుని పరీక్ష దాటలేవు!” అని వీధంతా వినబడేలా గర్జించాను.

“తెలుసప్పా. అందుకే అడిగితి” అని తల వంచుకున్నారు.

నలిగిన రెల్లును విరవక కనికరించే దేవుడు కూడా అదే బైబిల్లో ఉన్నాడు. ఆ మాట నాకు మర్నాటికి గాని గుర్తు రాలేదు. వెళ్లి చెబుదామనుకున్నాను. ముందు మాధవరం ప్రార్థన కూటాలు అయిపోనీ అన్నాను, తర్వాత ఎమ్మిగనూరు కూటాలన్నాను. లోకానికంతా క్షమాపణ ప్రకటించాను గాని, గోడ అవతలి మనిషికి చెప్పలేదు.

నేను ఆదోని చేరేసరికి చాచా జనాజా ఖననానికి వెళ్లిపోయింది. వాకిట్లో గుర్రం ఒక్కటే ఉంది, ముందరేసిన గడ్డి ముట్టలేదు. నోరు తెరవకుండా దాని మెడ మీద చెయ్యి వేశాను. అది నా అరచేయి వాసన చూసి, చెవులు నిక్కించి, చాచా వచ్చే గడప వైపు తిరిగి నిలబడింది.