మేస్త్రి బిగించనన్న టర్బో

పటాన్‌చెరు టర్బో మేస్త్రి పోయిన మంగళవారం పొద్దున కన్నుమూశాడు. ఆయన బిడ్డ ఫోన్ చేసి, "కాకా, నాయిన లేడు. జల్దీ రా" అంది. ఆ తర్వాత ఏడుపే వినిపించింది. నేను వెళ్లేసరికి స్నానం చేయించి అరుగు మీద పడుకోబెట్టారు. కుడిచెయ్యి తెల్లగుడ్డ బయట ఉంది. మణికట్టు దగ్గర అది వంకర. పనిలో తగిలిన దెబ్బ అనుకుంటారు చాలామంది. కాదు. దాన్ని విరగ్గొట్టింది నేను. ఈ సంగతి రాస్తానంటే ఆయన ఎన్నడూ ఒప్పుకోలేదు. "ఎందుకు తమ్మీ, అయిపోయిన ముచ్చట" అనేవాడు. ఇప్పుడు వద్దనే మనిషి లేడు.

తొంభైల చివర్లో నేను పాశమైలారంలో ఒక రసాయనాల ఫ్యాక్టరీ సేటు దగ్గర డ్రైవర్‌ని. అది పేరుకే. గేటు ముందు బైఠాయించిన కూలీలను లాఠీతో లేపడం, లారీలకు అడ్డం పడుకున్నవాళ్లను ఈడ్చి అవతల పారెయ్యడం నా అసలు పని. ముప్పై ఏళ్ల వయసు, గట్టి ఒళ్లు. కొట్టినవాడి ముఖం ఇంటికి వచ్చేసరికి మరిచిపోయేవాణ్ని. అన్నం బాగానే తినేవాణ్ని.

సేటుకు ఒక పాత స్పోర్ట్స్ కారు ఉండేది. ఎర్రది, రెండు తలుపులది. సంగారెడ్డిలో ఆయన బంగళాలో ఉండేది. దాని టర్బో చెడిపోయింది. టర్బో అంటే ఇంజిన్ వదిలే వేడిపొగ జోరుకు తిరుగుతూ, తిరిగి ఇంజిన్‌లోకే గాలిని బలంగా నెట్టే చక్రం. అది పోయాక కారు నీలంపొగ కక్కుతూ ముసలి ఆటోలాగా నడిచేది. ఆదివారం హైదరాబాద్‌లో పాత కార్ల ఊరేగింపు. అందులో తోలాలని సేటు పంతం.

బుధవారం పొద్దున కారు మేస్త్రి షెడ్డుకు తెచ్చాం. మేస్త్రి కమ్మరి ఇంట్లో పుట్టినవాడు. క్వారీ బండ్ల టర్బోలు బాగుచేయడంలో ఆ చుట్టుపక్కల ఆయన తర్వాతే ఎవరైనా. విప్పిన ప్రతి ముక్కనూ పాత పేపరు మీద వరసగా పేర్చేవాడు. ఆ పేపరు మీద ఎవరైనా చాయ్ గ్లాసు పెట్టారా, వాళ్లకు మూడినట్టే.

సేటు ఒక టిప్పరు నుంచి ఊడదీయించిన పెద్ద టర్బోను ఆయన ముందు పెట్టించాడు. "ఇదే బిగించు" అన్నాడు.

మేస్త్రి దాన్ని ముట్టుకోలేదు. "సేటూ, ఇది డీజిల్ బండిది. పెట్రోల్ మంట గీ ఇనుముకు పడది, పలుగుతది. దీనికి తగ్గది బొంబాయి నుంచి తెప్పిస్త. ఇరవై దినాలు ఆగుండ్రి."

"ఆదివారం కావాలె."

"అయితే నాతోని గాదు. మనుషులు సస్తరు."

సేటు నావైపు చూశాడు. ఆ చూపు నాకు అలవాటే. మేస్త్రి చేతిని బల్లకు అదిమిపట్టి, వీల్ స్పానర్‌తో ఒక్కటి వేశాను. ఎండుకట్టె విరిగిన చప్పుడు వచ్చింది. బిగిస్తావా లేదా అని రెండోసారి ఎత్తాను. ఆయన పెదవి కొరుక్కుని, రక్తం కారుతుండగా నా కళ్లలోకి చూసి అన్నాడు: "నన్ను కొడితే నేను ఇంట. ఇనుము ఇంటదా?"

స్పానర్ కింద పడేశాను. జాలితో కాదు, ఏం చేయాలో తోచక.

టర్బోను వేరే ఎవరో బిగించారు. ఆదివారం పొద్దున సంగారెడ్డి బంగళా నుంచి బయల్దేరాం. సేటు తోలుతున్నాడు, నేను పక్కన. గేటు దగ్గర ఎవరో చేతికి పిండికట్టుతో వాచ్‌మన్‌ను బతిమాలుతుంటే, ఎవరని కూడా చూడలేదు.

కంది ఊరు దాటాక రోడ్డు ఖాళీగా కనిపించి సేటు తొక్కాడు. మొదట ఏమీ లేదు. ఇంకా తొక్కాడు. ఒక్కసారిగా ఎవరో వెనకనుంచి తన్నినట్టు కారు ఎగిరిపోయింది. రుద్రారం దగ్గరపడుతుండగా బానెట్ కింద తూటా పేలినట్టు చప్పుడైంది. పగిలిన టర్బోలోంచి మంట, తెగిన గొట్టంలోంచి నూనె. అద్దం నిండా నల్లపొగ. కారు వెళ్లి కల్వర్టు గోడకు గుద్దుకుంది. సేటు తలుపు తెరుచుకుని, తల పగిలి, ఎలాగో పాకుతూ బయటపడ్డాడు. నావైపు తలుపు నలిగి నా కాళ్ల మీదికి వచ్చింది. బెల్టు ఊడలేదు. నా వెంట్రుకలు కాలుతున్న వాసన నాకే తగులుతోంది.

అప్పుడు పక్క అద్దం పగిలింది. జాకీ రాడ్డు పట్టుకున్న ఎడమచెయ్యి లోపలికి వచ్చింది. మేస్త్రి. వాచ్‌మన్ తరిమేశాక తన పక్కింటాయన జీపులో మా వెనకే వచ్చాడట. రాడ్డు వదిలి, జేబులోని చాకుతో బెల్టు కోసి, నా కాలరు పట్టుకుని గుంజాడు. కాళ్ల తోలు ఊడి నేను కేకలు పెడుతున్నా వదల్లేదు. ఆయన చొక్కా అంటుకుంది. జీపాయన మట్టి పోసి ఆర్పాడు.

"నన్నెందుకు గుంజినవ్?" అని రోడ్డు మీద పడే అడిగాను.

"నిన్ను జూసి గాదు. మంట లేస్తదని ఎరుకున్నోడు ఇంట్ల ఎట్ల గూసుంటడు?"

మూడోనాడు ఆస్పత్రికి సేటు మనిషి వచ్చి, నోరు మూసుకుని పడుండమని చెప్పి వెళ్లాడు. ఎందుకో మధ్యాహ్నానికి తెలిసింది. అప్పటికి పదో తరగతి చదువుతున్న మేస్త్రి బిడ్డ నా మంచం దగ్గరికి వచ్చి నిలబడింది. "టర్బో మా నాయిననే బిగించిండని సేటు కేసు పెట్టిండు. స్టేషన్ల గొడ్డును కొట్టినట్టు కొడుతున్నరు. నువ్వు జూసినవ్ గదా?" అంది. నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది.

కట్లతోనే ఆటోలో స్టేషన్‌కు వెళ్లాను. లోపల గదిలోంచి దెబ్బల చప్పుడు వస్తోంది. ఒక్కో దెబ్బకూ ఆయన "నేను పెట్టలే" అంటున్నాడు. ఎన్నో ఏళ్లు ఆ చప్పుడు చేసినవాణ్ని. గోడ ఇవతల నిలబడి వినడం మాత్రం అదే మొదలు.

"సార్," అన్నాను ఇన్‌స్పెక్టర్‌తో, "ఆయన కుడిచెయ్యి బుధవారం నాడే ఇరిగింది. ఇరిగిన చెయ్యితోటి టర్బో ఎట్ల బిగిస్తడు?"

"ఇరగ్గొట్టింది ఎవరు?"

"నేనే."

ఆయన్ను వదిలి నన్ను లోపలేశారు. జైల్లో సేటు మనుషులు నా పళ్లు రెండు రాలగొట్టారు. బయటికి వచ్చాక ఎవరూ పని ఇవ్వలేదు. సిగ్గు విడిచి షెడ్డుకు వెళ్లాను. మేస్త్రి అన్నం తింటున్నాడు. "తిన్నవా?" అని అడిగాడు. ఆయన భార్య మాత్రం లేచి లోపలికి పోయింది. ఆమె నాకు మంచినీళ్లు ఇవ్వడానికి ఆర్నెల్లు పట్టింది. అది న్యాయమే. ఆ రోజు నుంచి పాతికేళ్లకు దగ్గరగా ఆయన పక్కనే పనిచేశాను. ఆ చేత్తో ఆయన గట్టిగా బిగించలేకపోయేవాడు. చివరి మరలన్నీ నేనే బిగించేవాణ్ని.

రెండేళ్లు టార్పాలిన్ కింద పడున్న ఆ కారును సంగారెడ్డి డాక్టరు ఒకాయన కొని, ముందుభాగం బాగుచేయించి మా దగ్గరికే తెచ్చాడు. మేస్త్రి మూడు టర్బోలు సంపాదించి పేపరు మీద పెట్టాడు.

"పెద్దదైతే జోరుగ పోతది గదా?" అన్నాడు డాక్టరు.

"డాక్టర్ సాబ్, పసిపిల్లకు పహిల్వాన్ మందు ఇస్తరా?" అని మేస్త్రి అన్నింట్లో చిన్నది తీశాడు. వెంటనే బిగించలేదు. కారుతో వచ్చిన మొదటి టర్బో ఎలా చచ్చిందో రెండు రోజులు వెతికాడు. టర్బో నుంచి నూనె వెనక్కి దిగే గొట్టం బొగ్గులా మాడి మూసుకుపోయి ఉంది. "ఎందుకు సచ్చిందో తెల్వకుండ ఇంకోటి పెడితే, దాన్ని గూడ మనమే సంపినట్టు" అన్నాడు. కొత్త గొట్టం వేశాకే టర్బో నా చేతికిచ్చాడు.

సాయంత్రం ముగ్గురం కంది దాకా వెళ్లాం. కారు సన్నగా ఈలవేస్తూ, ఎక్కడా ఎగరకుండా, పట్టుతో లాగింది. పొలాల పక్కన ఆపి, ఇంజిన్ ఆర్పడానికి డాక్టరు తాళంచెవి తిప్పబోతే మేస్త్రి చెయ్యి అడ్డం పెట్టాడు. "ఆగుండ్రి. ఉరికొచ్చినోన్ని ఎంటనే పండవెట్టొద్దు. జెర దమ్ము తీస్కోనియ్యుండ్రి, లేకుంటే లోపలి నూనె మాడుతది."

దిగి బానెట్ ఎత్తాడు. మసక వెలుతురులో టర్బో ఎర్రగా కణకణలాడుతోంది. ఇంజిన్ మెల్లగా తిరుగుతుంటే ఆయన దాని ముందు గొంతుకూర్చున్నాడు. ఆ ఎరుపు ఆయన ముఖం మీద పడి, నిమిషం నిమిషానికీ తగ్గుతూ పోయింది. చివరికి టర్బో మామూలు నల్లటి ఇనుమైపోయింది.