బార్‌బెల్‌కు బొట్టు

అమీన్‌పూర్‌లో మా డాబా మీది రేకుల గదిలో నా బార్‌బెల్ ఉంటుంది. పటాన్‌చెరులో మూతబడిన ఒక జిమ్ నుంచి తెచ్చుకున్నాను. బొల్లారం రసాయన ఫ్యాక్టరీల వైపు నుంచి గాలి వీచిన రోజుల్లో ఇనుము ఇట్టే తుప్పు పడుతుంది. అందుకే వ్యాయామం అయ్యాక దాన్ని పొడిగుడ్డతో తుడిచి, కాస్త మిషన్ నూనె రాసి గానీ కిందికి దిగను. దానికి ఎవరి తడిచేయి తగిలినా నాకు మండుతుంది.

దసరా మర్నాడు పైకి వెళ్లేసరికి కడ్డీ పొడవునా పసుపు, కుంకుమ బొట్లు. ఆయుధపూజలో బండికి, మిక్సీకి పెట్టినట్టే నా భార్య దీనికీ నీళ్లలో కలిపి పెట్టింది. పట్టు కోసం చెక్కిన సన్నటి గాట్లలోకి తడి దిగి, అప్పుడే తుప్పు లేస్తోంది. గొణుక్కుంటూ బ్రష్‌తో మొత్తం గీకేశాను.

ఇంతలో ఆమె బట్టలు ఆరేయడానికి వచ్చింది.

“పూజ పనిముట్లకు చేస్తరు. ఇదేం పని చేస్తది?” అన్నాను.

ఆమె బకెట్ దించింది. “నీ కంపెనీ బందైనంక మంచంలకెల్లి లేవకపోతివి. ఇది తెచ్చినంకనే పొద్దుగాల లేసుడు మొదలువెట్టినవ్. మళ్ల డ్యూటీకి పోయినవ్. మరి ఇది పని చేసినట్టు కాదా?”

కడ్డీ వైపు చూశాను. ఒక్క బొట్టు కూడా మిగల్చలేదు నేను.

“కుంకుమ తే,” అన్నాను. “ఈపారి నీళ్లల్ల కాదు, నూనెల కలుపు.”