ఇరుసు ఏడున్నదో ముందుగాల అడుగు

మొన్న క్లాసు ముగించుకొని బయటికి వస్తుంటే ఫోన్ మోగింది. సిరిసిల్లల నాతోని ఇంటర్ చదివిన దోస్తు. “మేడం పోయిండ్రే” అన్నది. ఏ మేడం అని నేను అడుగలే. మాకు మేడమంటే ఒక్కరే, ఫిజిక్స్ మేడం. రిటైరైనంక జగిత్యాలల బిడ్డ దగ్గర ఉంటుండిరి. నేను కోరుట్లల చెప్పే పాఠం గూడ ఆమె నేర్పిందే.

బోర్డు మీద ఏ బొమ్మ గీసినా ముందుగాల ఒక చుక్క వెట్టేటోళ్లు. “ఇది ఇరుసు, దీని సుట్టే తిరుగుతది” అని వెనుకకు తిరిగి మా మొకాలు చూసేటోళ్లు. అర్థం కాని మొకం ఒక్కటి కనబడ్డా ముందుకు పోయేటోళ్లు కాదు. అన్నం తినేటప్పుడు డౌటు అడిగితే కోపం చేసేటోళ్లు కాదు, చెయ్యి కడుక్కొని వచ్చేటోళ్లు.

అట్లాంటి క్లాసుకే నేను పోవుడు బందు వెట్టిన. తెలుగు మీడియంల చదివి వచ్చినదాన్ని, పాఠమంతా ఇంగ్లిషుల. క్వార్టర్లీ పరీక్షల జడత్వ భ్రామకం లెక్క వచ్చింది, వస్తువును తిప్పుడు ఎంత కష్టమో కట్టే లెక్క. సన్నటి కడ్డీకి రెండు కొసల రెండు బరువులు. పేపరు దిక్కు చూసుకుంట కూసున్న, ఒక్క ముక్క రాయలే. తెల్లారి నుంచి అమ్మ పక్కన కూసొని బీడీలు చేసుడే.

ఒక ఐతారం మేడం మా ఇల్లు అడుక్కుంట వచ్చిండ్రు.

“ఎందుకు వస్తలేవు బిడ్డా?”

“నాతోని కాదు మేడం. ఆ లెక్క నాకు రాదు.”

మేడం ఇల్లంత కలెజూసి, మూలకున్న సన్నటి కట్టె తీసుకున్నరు. గంపల నుంచి రెండు ఆలుగడ్డలు తీసి రెండు కొసలకు గుచ్చిండ్రు.

“మేడం, అవి కూరకు తెచ్చినయ్” అన్నది అమ్మ.

“కూర గివాటితోనే చేసుకుందురు గని, జర ఆగు చెల్లే.”

కట్టె నడుమ పట్టుకొని ఇటూ అటూ తిప్పుమన్నరు. తిప్పిన. గడ్డలను నడుమకు జరిపి మళ్ల తిప్పుమన్నరు. ఈసారి అల్కగ తిరిగింది.

“బరువు తగ్గిందా?”

“లేదు మేడం. దగ్గరికొచ్చినయ్.”

“దూరం సగమైతే ఎంత తగ్గుతది?”

“సగం.”

“కాదు. బరువును దూరంతోని గుణించి, మళ్ల అదే దూరంతోని గుణించాలె. సగం దూరానికి నాలుగో వంతే మిగులుతది. ఒక్కొక్క గడ్డకు ఇట్లనే విడిగ లెక్కగట్టి కలుపు, అయిపాయె. పుస్తకంల దాన్ని ద్రవ్యరాశి అంటరు, ఇయ్యాల్టికి బరువు అనుకో.”

తర్వాత గడ్డలను మళ్ల కొసలకు జరిపి, ఒక కొసను పట్టుకొని తిప్పుమన్నరు. మస్తు బరువనిపించింది. చేతి కాడున్న గడ్డకు దూరమే లేదు, దాని లెక్క సున్నా. రెండోది కట్టె పొడుగంత దూరంల ఉన్నది. కాయితం మీద ఏసి చూస్తే, నడుమ పట్టుకున్నప్పటికి రెండింతలు వచ్చింది.

“గడ్డలు అవే, కట్టె అదే గద మేడం?”

“ఇరుసు మారె గద! ఏ లెక్కకైనా ఇరుసు ఏడున్నదో ముందుగాల అడుగు.”

ఆ లెక్క నాకు తెలుగుల వచ్చింది. తెల్లారి కాలేజీకి పోయిన.

రిటైరైనంక మేడంకు పక్షవాతం వస్తే ఒకసారి చూడ వోయిన. ఫిజియోథెరపీ చేయించే పిలగాడు కుడి చెయ్యి టేబుల్ మీద చాపి పక్కకు తిప్పుడు నేర్పుతుండట. “మోచెయ్యి ముడిస్తే జల్ది తిరుగుతది. దొంగ పని అంటడు ఆ పిలగాడు. భుజం ఇరుసైతే చెయ్యి దగ్గరికొచ్చింది, తిరుగదా మరి?” అని నవ్విండ్రు. మాట కొంచెం తడబడ్డది గని నవ్వు మారలే. నేను మర్లి వచ్చేదాక మాత్రం చెయ్యి చాపే తిప్పిండ్రు.

మొన్న జగిత్యాలకు పోయేసరికి అంతా అయిపోయింది. వాకిట్ల కుర్చీలల్ల మా బ్యాచోళ్లమే పదిమందిమి కూసున్నం. ఒకరు డ్యూటీ బట్టలల్ల వచ్చిన నర్సు, ఒకరు చంకల పిల్లతోని. మేడం బిడ్డ లోపలి నుంచి చాయ తెచ్చి ఇచ్చి, పోకుంట అక్కడనే నిలబడ్డది.

“నేను కామర్స్ చదివిన అక్కా. అమ్మ క్లాసు ఎన్నడు వినలే. పాఠం ఎట్ల చెప్పేది?”

మేం ఒకరి మొకం ఒకరం చూసుకున్నం. తర్వాత అందరం ఒక్కసారే మొదలువెట్టినం. ఆమె దర్వాజ కడప మీద కూసొని, గదుమకింద చెయ్యి వెట్టుకొని, ఎవలు మాట్లాడితే వాళ్ల దిక్కు తిరుగుకుంట విన్నది.