చిన్నాయిన కారు, మా బత్తాయిల ట్రాలీ

ఆ రోజుల్లో నాకు తెలియని సంగతంటూ ఉండేది కాదు. ఇప్పుడు రోజుకొకటి బయటపడుతోంది గానీ, పాలిటెక్నిక్‌లో మెకానికల్ డిప్లొమా పూర్తి చేసి, చిట్యాల దగ్గర ఒక వర్క్‌షాపులో చేరి రెండు నెలలైనా నిండని ఆ కాలంలో మాత్రం, అడిగేవాళ్ల మాట పూర్తయ్యేలోపే నా జవాబు తయారుగా ఉండేది. తెలంగాణ వచ్చిన కొత్త. హైవే పక్కన భూముల ధరలు పెరిగాయి. మా చిన్నాయిన తన వాటా చెలకలో కొంత అమ్మి, నిచ్చెన వేసుకుని ఎక్కాలేమో అనిపించేంత పెద్ద నల్లకారు కొన్నాడు. అది వచ్చిన రోజు నుంచి ఆయన నడవడం మానేశాడు. (మా ఇల్లు ఆయన ఇంటికి మూడో ఇల్లు. అక్కడికీ కారే.) కారు వెనక ట్రాలీ తగిలించుకునే కొక్కెం కూడా పెట్టించాడు. ఏం లాగడానికి అని అడిగితే, "ఉంటె మంచిగ కనబడ్తది గదా" అనేవాడు.

ఊళ్లో నన్ను ఇంజనీరమ్మ అనేవాళ్లు, సగం ముద్దుకు, సగం ఎగతాళికి. మా నాయిన ఒక్కడే ఆ మాటను నిజమనుకున్నాడు. నలుగురిలో కూర్చుని, "మా బిడ్డ చూసి చెప్తది" అనేవాడు. ఆ మాట చెవిన పడితే నాకు ఆ పూట అన్నం అక్కరలేకపోయేది.

ఆ ఏడు మా బత్తాయి తోట విరగకాసింది. తెంపిన కాయంతా ప్లాస్టిక్ ట్రేలకెత్తి, ట్రాలీ నిండా పేర్చిన పొద్దున్నే మా ట్రాక్టర్ క్లచ్ పోయింది. నార్కట్‌పల్లిలో లారీ నిలబడి ఉంది. పదకొండు దాటితే ఆగనని డ్రైవర్ ముందే చెప్పాడు. ఆ లారీ పోతే తెంపిన కాయ ఎండలో మెత్తబడుతుంది. నాయిన తువ్వాలతో మొహం తుడుచుకుంటూ ట్రాలీ చుట్టూ తిరుగుతున్నాడు. అప్పుడు చిన్నాయిన తన కారును వెనక్కి తెచ్చి ట్రాలీ ముందు ఆపి, అద్దం దించి, "ఫికర్ ఎందుకన్నా, గిది గుట్టను గూడ గుంజుతది" అన్నాడు. నాయిన ఆ మాట పట్టించుకోకుండా నా వైపు తిరిగాడు. "ఏమంటవ్ బిడ్డా? నువ్వు సరే అంటెనే కడ్దాం" అన్నాడు. మా ఏడాది కష్టమంతా ట్రాలీలో ఉంది, నిర్ణయం నా నోట్లో ఉంది.

నేను ఊరికే సరే అనలేదు. కారులోంచి దాని పుస్తకం తెప్పించాను. బానెట్ మీద పెట్టి, అందరూ చూసేటట్టు పేజీలు తిప్పాను. లాగే బరువు మూడు టన్నులని ఉంది. ట్రాలీ, కాయ కలిపి రెండు టన్నులు దాటవని కాగితం మీద లెక్క వేశాను. (లెక్క తప్పు కాదు. ఇప్పటికీ ఆ లెక్క తప్పు కాదు.) నేను పెన్ను మూత పెడుతుండగా మా అవ్వ కర్ర పట్టుకుని వచ్చింది. తాతతో కలిసి ఎడ్లబండి మీద ఎన్నో సంతలు తిరిగిన మనిషి. కారును చూసింది, ట్రాలీని చూసింది.

"గుంజుతది సరే. దిగుట్ల ఎట్ల ఆగుతది?" అని అడిగింది.

"బ్రేకులున్నయ్ అవ్వా, నాలుగు చక్రాలకు."

"కారుకున్నయ్. ట్రాలీకో? ఎడ్లయితే కాళ్లు తన్నిపెట్టి బండినాపుతయ్."

"ఇది ఎడ్లబండి కాదవ్వా" అని నవ్వి, నాయినతో, "కట్టుండ్రి నాయినా, ఏం కాదు" అన్నాను.

నిజం చెప్పాలంటే కారు చక్కగా లాగింది. చిన్నాయిన స్టీరింగ్ మీద వేళ్లతో తాళం వేస్తూ, "సూశినవా ఇంజనీరమ్మా, ఎనక ట్రాలీ ఉన్నట్టే లేదు" అన్నాడు. వెనక సీట్లో నాయిన ఒళ్లో చేతులు పెట్టుకుని పెళ్లికి పోతున్నట్టు కూర్చున్నాడు. నార్కట్‌పల్లి దారిలోని గుట్ట దిగుడు మొదలయ్యాక మాత్రం ట్రాలీ ఉన్నట్టు బాగానే తెలిసింది. చిన్నాయిన బ్రేకు తొక్కాడు. కారు ఆగుదామనుకుంది, ట్రాలీ ఆగుదామనుకోలేదు. వెనక నుంచి నెట్టడం మొదలుపెట్టింది. (ట్రాక్టరైతే అదే దిగుడు మొదటి గేరులో నడకలాగా దిగేది. చిన్నాయినకు మొదటి గేరంటే నామోషీ.) కారు వెనక భాగం పక్కకు జరగసాగింది. అదృష్టం బాగుండి రోడ్డు పనికి పోసిన మొరం కుప్ప ఒకటి అడ్డం వచ్చింది. కారు ముక్కు అందులో దిగబడి ఆగింది. ట్రాలీ ఒక పక్కకు ఒరిగి, ట్రేలు జారి, మా బత్తాయిలు మాకంటే ముందు నార్కట్‌పల్లి దిక్కు బయలుదేరాయి.

ఎవరికీ దెబ్బ తగల్లేదు. దారిన పోయేవాళ్లు పది మంది చేరారు. అందులో ఒక పెద్దమనిషి, "గింత బరువు కారుకు కట్టమని ఎవలు చెప్పిండ్రయ్యా?" అని అడిగాడు. నాయిన నా వైపు చూడను కూడా చూడలేదు. "నేనే చెప్పిన. తొందరల తోచలే" అన్నాడు. నేను నోరు తెరవబోతే, "నువ్వు కాయలు ఏరు బిడ్డా" అన్నాడు. ఏరాను. వంచిన తల ఎత్తకుండా ఏరాను. రెండు ఆటోలు మాట్లాడి, పగలని కాయంతా లారీకి చేర్చాం. డ్రైవర్ తిడుతూనే అరగంట ఆగాడు. పగిలిన కాయ రసం మా వాడంతా వారం రోజులు తాగింది.

ఆ మధ్యాహ్నం మళ్లీ ఆ పుస్తకం తీశాను. మూడు టన్నులన్న అంకె కింద సన్నటి అక్షరాల్లో ఇంకో వరుస ఉంది. మూడు టన్నులు సొంత బ్రేకులున్న ట్రాలీకేనట. బ్రేకుల్లేనిదైతే ముప్పావు టన్నుకు మించొద్దట. అవ్వ అడిగిందీ అదే. పుస్తకం మూసి బాగా ఏడ్చాను. తప్పు చేసినందుకు కాదు, ఇక నాయిన నన్నేమీ అడగడని.

వారం తర్వాత ఆయన చేలోంచి వచ్చి, నా పక్కన కూర్చున్నాడు. "బోరుకు కొత్త మోటర్ దించాలె బిడ్డా. ఎన్ని హెచ్‌పీలది పడ్తది?" అని అడిగాడు. అలవాటు ప్రకారం ఒక అంకె నాలుక చివరి దాకా వచ్చింది. మింగేశాను.

"తెల్వదు నాయినా. రేపు బోరు చూసి చెప్త."

"చూడు మరి, తొందరేముంది" అని ఆయన కాళ్లు కడుక్కోవడానికి లేచాడు.

ఆ తర్వాత ఉద్యోగంలో ఎన్ని బండ్లకు ఎన్ని లెక్కలు వేశానో గుర్తు లేదు. బానెట్ మీద పుస్తకం పరిచి పెన్ను తిప్పిన ఆ పిల్ల తలపుకొస్తే మాత్రం ఇప్పటికీ నవ్వొస్తుంది. ఆ పిల్ల జవాబులన్నిటిలో మా నాయినకు నిజంగా పనికొచ్చింది ఆ "తెల్వదు" ఒక్కటే.