అరవకుండా ఫ్లెమింగోలను చూడటం

సంతోషం వస్తే నాకు ముందు గొంతు లేస్తుంది. పెళ్లైన కొత్తలో సూళ్లూరుపేటలో మిద్దె మీద నుంచి రాకెట్ చూసి నేను వేసిన కేకకు పక్కింటివాళ్లు పరిగెత్తుకొచ్చారు. ఏమీ కాలేదని మా అత్తగారే వాళ్లకు సర్దిచెప్పి పంపించారు.

ఆ చలికాలం పులికాట్ సరస్సులో ఫ్లెమింగోలను చూపించడానికి ఆమే నన్ను వెంటబెట్టుకెళ్లారు. ఆటో దిగగానే ఒక మరమరాల ఉండ నా చేతిలో పెట్టారు.

"నోట్లో పెట్టుకో అమ్మే. నువ్వు అరిస్తే అన్నీ లేచిపోతాయి. సంతోషం వస్తే నములు."

నమిలాను. కనుచూపు మేర పక్షులే. కళ్లలో నీళ్లు తిరిగాయి, దవడలు నొప్పెట్టాయి గానీ చప్పుడు మాత్రం చేయలేదు. నాకింత నిబ్బరం ఉందని అప్పుడే తెలిసింది.

ఇంతలో దగ్గర్లోని పక్షి ఒకటి రెక్కలు విప్పింది. లోపలంతా ఎరుపు.

"అబ్బబ్బా! ఆ రంగు చూడమ్మే, ఎట్టా ఉండాదో!" అని అత్తగారు చప్పట్లు కొడుతూ అరిచారు.

పక్షుల గుంపంతా లేచిపోయింది. కెమెరాలు పట్టుకున్నవాళ్లు నా వైపే కోపంగా చూశారు. నోరు నిండుగా ఉండటంతో నేనేమీ చెప్పలేకపోయాను.

అత్తగారు కొంగు సర్దుకుని, "నేను అత్తగారింటికి వచ్చినాక ఇదే మొదటిసారి అమ్మే, నోరు తెరిచి అరవడం" అన్నారు. మనిషి చాలా తేలికపడినట్టు కనిపించారు.