ఎనిమిది పట్టీల సీటు

మెల్‌బోర్న్ దగ్గర జీలాంగ్ ఊరి చుట్టుపక్కల పాత కార్లు పెంచుకునేవాళ్ళకి మెర్విన్ టకెట్ అంటే హడల్. చూడ్డానికి బక్కపల్చటి మనిషి, చీమకైనా హాని తలపెట్టడు. కానీ కళ్ళజోడు ముక్కు మీదికి జార్చుకుని కారు బానెట్ కిందికి వంగాడంటే చాలు, ఆ కారు సొంతదారుకి ముచ్చెమటలు పోసేవి. నలభై ఏళ్ళు ఉన్ని మిల్లులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. ఆయనకున్న పిచ్చి ఒక్కటే, లానర్. అరవై ఏళ్ళనాటి ఇంగ్లీషు స్పోర్ట్స్ కారది. ఇద్దరు మాత్రమే పడతారు. అది ఫ్యాక్టరీ గేటు దాటిన రోజున ఎలా ఉందో ఇవాళా అచ్చం అలాగే ఉండాలి. ఒక్క బోల్టు మారినా ఆయన లెక్కలో అది లానర్ కాదు, లానర్ వేషం వేసుకున్న డబ్బా.

1996లో లారా ఊరి దగ్గర ఒక కోళ్ళ ఫారం వెనక తుప్పు పట్టి పడున్న 1961 నాటి లానర్‌ని ట్రైలర్ మీద ఇంటికి తెచ్చుకున్నాడు. దాన్ని మళ్ళీ కారు చెయ్యడానికి పన్నెండేళ్ళు పట్టింది. పని చేసింది సగం రోజులైతే, ఏ పార్టు అసలుదో ఏది కాదో వెతికింది సగం రోజులు. ఇంగ్లండులో ముక్కూ మొహం తెలియని వాళ్ళకి ఉత్తరాలు రాశాడు. బర్మింగ్‌హామ్‌లో ఎవరో మెకానిక్ భార్య దగ్గర్నుంచి కంపెనీవారి పార్టుల పుస్తకం తెప్పించుకున్నాడు. రేడియేటర్ గొట్టానికి బిగించే క్లిప్పు మీద ఏ ముద్ర ఉండాలో తేల్చుకోవడానికే మూడేళ్ళు! ఆ క్లిప్పు పోస్టులో వచ్చిన రోజున, భార్య జీనా వండిన కుందేలు కూర పళ్ళెంలోనే చల్లారిపోయింది. ఆయన క్లిప్పుని కిటికీ దగ్గర పట్టుకుని అటూ ఇటూ తిప్పుతూ కూర్చున్నాడు.

"ఆ క్లిప్పుకి వడ్డించమంటావా, నీకు వడ్డించమంటావా?" అంది జీనా.

తెలుసుకున్నదంతా నలభై పేజీలు టైపు చేశాడు. విక్టోరియా లానర్ క్లబ్బుకి ఆ నలభై పేజీలే వేదం. ఏటా మార్చిలో జరిగే షోలో దాన్ని చేతపట్టుకుని ఒక్కో కారూ చూసి, ఒక్కో తప్పుకీ పాయింట్లు కోసేవాడు మెర్విన్. "వీడు రేపు స్వర్గానికి పోయినా, గేటు మేకులు అసలువేనా కావా అని అడుగుతాడ్రా" అని ప్రెసిడెంటు కీత్ రజ్ అందర్నీ నవ్వించేవాడు.

ఇంతకీ చెప్పవలసిన సంగతి ఈ క్లిప్పులదీ బోల్టులదీ కాదు. సీట్లది.

జీనా మాల్టా దీవి పిల్ల. పదహారో ఏట తల్లిదండ్రులతో ఓడ దిగింది. పెళ్ళికి ముందు మూడేళ్ళు మెల్‌బోర్న్ రేవు పక్కన కార్లు బిగించే ఫ్యాక్టరీలో సీట్లు కుట్టింది. ఆ సంగతి మెర్విన్‌కి తెలుసు. తెలిసీ, అంట్లు తోమింది అన్నట్టుగానే లెక్కేశాడు.

1999లో ఒక శనివారం పొద్దున కారు పాత సీట్లు రెండూ ట్రైలర్‌లో వేసి తాడు బిగిస్తున్నాడు. బట్టలు ఆరేస్తున్న జీనా క్లిప్పులు నోట్లోంచి తీసి అడిగింది.

"ఏమయ్యా, వాటిని ఎక్కడికి తోలుకుపోతున్నావు?"

"చెత్త దిబ్బకి. ఎవడో తెలివితక్కువ వెధవ ఊళ్ళో కుట్టించుకున్న బాపతు. రెక్సిన్. పైగా నిలువునా కుట్టిన ఎనిమిది పట్టీలు. పుస్తకంలో ఏడు పట్టీలు, అసలైన తోలు."

జీనా పకపకా నవ్వింది. "వెధవ కాదు, వెధవాయి పెళ్ళాం! అవి నేను కుట్టినవేనయ్యా. నేను కాకపోతే నా పక్కనున్న పిల్ల. లానర్లు ఇంగ్లండు నుంచి చెక్కపెట్టెల్లో ముక్కలుగా దిగేవి. సీట్లు మాత్రం ఇక్కడే, మేమే కుట్టేవాళ్ళం. ఎనిమిదే."

"నువ్వు కుట్టింది వేరే కారుకై ఉంటుంది. అక్కడ నాలుగు రకాలు బిగించేవాళ్ళు. ఎప్పటి మాట, జీనా! నలభై ఏళ్ళయింది."

"నాకు మతిమరుపుంటే ఉండొచ్చు, నా వేళ్ళకి లేదు."

"కాగితం ఏదన్నా ఉందా?"

"ఏం కాగితం?"

"ఆర్డరు కాగితమో, ఫోటోనో. రుజువు."

జీనా నవ్వు ఆగిపోయింది. "రుజువా? నీ ఎదురుగా నేను నిలబడ్డాను కదయ్యా!"

మెర్విన్ నవ్వేశాడు, చిన్నపిల్ల మాటకి నవ్వినట్టు. తాడు ఇంకో చుట్టు బిగించి వెళ్ళిపోయాడు. దిబ్బ దగ్గర బుల్డోజర్ వాడు సీట్లని అటు నెట్టి మట్టి కప్పేదాకా ఉండి, చేతులు దులుపుకుని వచ్చాడు. ఆ తర్వాత జీనా ఎప్పుడూ సీట్ల మాట ఎత్తలేదు. ఆయనేమో ఒప్పుకుందనుకున్నాడు.

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకమే మెర్విన్. కానీ తప్పంతా ఆ మనిషిదే అనడానికీ లేదు. ఆ తరం వాళ్ళు ఇంగ్లండు మొహం చూడకపోయినా ఆ దేశాన్ని 'ఇల్లు' అనేవాళ్ళు. ఇంటి నుంచి వచ్చిన పుస్తకంలో అచ్చయిందంటే ఇక దానికి తిరుగు లేదు. ఇక్కడ రేవు పక్కన, వలస వచ్చిన ఆడపిల్లలు మిషను తొక్కి కుట్టింది ఎలా అసలుదవుతుంది? పెరటి చెట్టు మందుకు పనికిరాదని ఊరికే అన్నారా? ఆయన తన నలభై పేజీల్లో రాసేశాడు: సీట్లు తోలు, ఏడు పట్టీలు, ఎనిమిది పట్టీల ఊరి సీట్లకు పది పాయింట్లు కోత. పది పాయింట్లు పోతే కప్పు రాదు. ఇంకేముంది, ఒకరి తర్వాత ఒకరు పాత సీట్లు పీకి పారేసి ఇంగ్లండు నుంచి తోలు సీట్లు తెప్పించుకున్నారు.

2019 చలికాలంలో జీనా పోయింది. గుండె. పొద్దున టీ కలిపి, తాగకుండానే పోయింది.

రెండేళ్ళకి ఆల్టోనా నుంచి ఒకావిడ మెర్విన్‌కి అట్టపెట్టె పంపింది. వాళ్ళ నాన్న ఆ రేవు ఫ్యాక్టరీలో సీట్లు కుట్టే విభాగానికి మేస్త్రీ అట. ఆయన పోయాక షెడ్డు ఖాళీ చేస్తుంటే దొరికిన కాగితాలు, క్లబ్బుకి పనికొస్తాయేమోనని పంపింది. మెర్విన్ వంటింటి బల్ల మీద పెట్టె విప్పాడు. పైనే పని కాగితం ఉంది. లానర్, 1961, స్థానిక తయారీ సీట్లు. రెక్సిన్. పట్టీలు ఎనిమిది. దాని కింద కుట్టేవాళ్ళ పేర్లు, ఒక్కొక్కరికీ ఒక నంబరు. లోపం బయటపడితే ఎవరు కుట్టారో తెలియడానికి సీటు అడుగు చెక్క మీద పెన్సిల్‌తో ఆ నంబరు వెయ్యాలని రాసుంది. పదకొండో నంబరు, జీనా జమిత్. పెళ్ళికి ముందు ఇంటిపేరు.

అడుగున ఫోటో ఉంది. మిషన్ల ముందు తొమ్మిదిమంది ఆడపిల్లలు. ఎడమ నుంచి మూడోది జీనా. ఇరవయ్యేళ్ళది, ఒళ్ళో సీటు పెట్టుకుని, ఎవరో జోకేసినట్టు నోరంతా తెరిచి నవ్వుతోంది. మెర్విన్ భూతద్దం తెచ్చాడు. పట్టీలు లెక్కపెట్టాడు. మళ్ళీ లెక్కపెట్టాడు. ఎనిమిది.

"జీనా!" అన్నాడు ఖాళీ ఇంట్లో, పక్క గదిలో ఉన్న మనిషిని పిలిచినట్టు. తర్వాత బల్ల మీద తల వాల్చి వెక్కి వెక్కి ఏడ్చాడు. ఎనభై రెండేళ్ళ మనిషి.

ఇక ఆయనకి ఒకటే పట్టుకుంది. జీనా చేత్తో కుట్టిన సీటు ఒక్కటి, పదకొండో నంబరుది, ఒక్కటి దొరికితే చాలు. తన కారులో పెట్టుకోవాలి. చేసినదానికి అదైనా చెయ్యాలి.

ఆ నెల క్లబ్బు సమావేశంలో లేచి నిలబడ్డాడు. పని కాగితం కోటు జేబులోనే ఉంది.

"సీట్ల గురించి నేను రాసింది తప్పు. ఎనిమిది పట్టీలు, రెక్సిన్. ఇక్కడ బిగించిన కార్లకి అవే అసలువి."

"ఎవరన్నారు?" అన్నాడు కీత్ రజ్.

"జీనా."

కీత్ గొంతు తగ్గించాడు. "మెర్వ్, ఆవిడంటే మాకందరికీ ప్రాణమే. కానీ కాగితం లేకుండా ఎలాగయ్యా? నువ్వే కదా మాకు నేర్పింది?"

"మా అమ్మమ్మ కూడా రాజుగారి గుర్రానికి జీను కుట్టానని చెప్పేది!" అని వెనక నుంచి నెవిల్ అన్నాడు. నలుగురు నవ్వారు. చెడ్డగా కాదు, మామూలుగానే నవ్వారు.

మెర్విన్ ఇంకాసేపు నిలబడ్డాడు. జీనా చెప్పిందంటే నిజమే అయ్యుంటుంది అని ఒక్కరంటే ఒక్కరు అంటారేమోనని చూశాడు. ఎవరూ అనలేదు. అప్పుడు జేబులోంచి కాగితం తీసి బల్ల మీద పెట్టాడు. అది చేతులు మారింది. రెండు నిమిషాలు పట్టలేదు. "అబ్బో!", "ఇంకేం కావాలి!", "తిరుగులేని రుజువు!" అందరి చేతులూ లేచాయి. ఎనిమిది పట్టీలు ఖాయం. పదేళ్ళలో ఇంత గొప్ప పరిశోధన జరగలేదని చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు మెర్విన్ భరించలేకపోయాడు.

"ఆపండ్రా!" అని అరిచాడు. ఆయన అరవడం అంతవరకూ ఎవరూ వినలేదు. "పాత సీట్లు ఎవరి దగ్గరున్నాయి? అది చెప్పండి చాలు."

"నావి దిబ్బకి పోయాయి మెర్వ్. పది పాయింట్లు కోశావు కదా" అన్నాడు నెవిల్.

"నావి కుక్కకి పరుపేశాను. అదీ చచ్చింది, అవీ చినిగాయి" అన్నాడు కీత్.

ఇంకొకరు తగలబెట్టారు. ఇంకొకరికి గుర్తే లేదు. మొత్తం ఇరవైమూడు కార్లు. ఎవర్నడిగినా ఒకటే మాట, నువ్వే కదా చెప్పావు అని. చివరికి ఎవరో అన్నారు, థెల్మా గోరీ దగ్గర ఉండొచ్చని.

కోలాక్ ఊరు దాటాక థెల్మాకి పాడి ఆవులున్నాయి. ఎనిమిదేళ్ళ కిందట షోలో అందరి ముందూ సీట్లకి పాయింట్లు కోశాడని, ఆ పాయింట్ల కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి మెర్విన్ జేబులో కుక్కి వెళ్ళిపోయిన మనిషి. మళ్ళీ క్లబ్బు గడప తొక్కలేదు. మెర్విన్ తన లానర్ వేసుకుని వెళ్ళాడు. గేటు దగ్గర థెల్మా మోకాళ్ళదాకా రబ్బరు బూట్లతో నిలబడుంది.

"ఏం, మిగిలిన పాయింట్లు కూడా కొయ్యడానికొచ్చావా?"

"నీదే రైటు థెల్మా. నాదే తప్పు. ఆ సీట్లు..." పని కాగితం సంగతీ, జీనా నంబరు సంగతీ చెప్పాడు. ఆమె ఆయన మొహం చూసి గేటు తీసింది.

గడ్డి షెడ్డులో కారుంది. దుమ్ము, కోళ్ళ రెట్టలు. కానీ సీట్లు రెండూ ఉన్నాయి. మెర్విన్ అరచేత్తో తుడిచి లెక్కపెట్టాడు. థెల్మా స్పానర్ అందించింది. డ్రైవరు సీటు ఊడదీసి తిరగేశాడు. అడుగు చెక్క మీద పెన్సిల్‌తో నాలుగు. రెండోది తానే ఊడదీసింది థెల్మా. దాని మీదా నాలుగే.

మెర్విన్ జేబులోంచి పేర్ల కాగితం తీశాడు, అది జీనా నంబరు కాదని తనకి తెలియనట్టు. నాలుగు, ఇవానా క్రాల్.

"మీ ఆవిడవి కావా?"

కాదన్నట్టు తలూపాడు.

"పక్కపక్కన కూచుని కుట్టినవే కదా. పట్టుకుపో. నీ కారులో పెట్టుకుంటే ఎవరికి తెలుస్తుంది?"

"వద్దమ్మా. ఇవి ఇంకో పిల్ల కుట్టినవి. జీనావి నేనే పూడ్పించాను. నా కారులోవి నేను పూడ్పించాను, మిగిలినవాళ్ళ చేత వాళ్ళవి పారేయించాను. నేనే వెతికి వెతికి, ఒక్కటి మిగలకుండా చేశాను." ఎండుగడ్డి మోపు మీద కూలబడ్డాడు. థెల్మా లోపలికి వెళ్ళి రెండు కప్పుల టీ తెచ్చి, తానూ పక్కన కూర్చుంది. బయట ఎండలో ఆయన లానర్ తళతళలాడుతోంది. ఏడు పట్టీల తోలు సీట్లు, ఒక్క గీత లేకుండా.

"అన్నేళ్ళు షోలకి వచ్చాను గానీ మీ ఆవిడని ఒక్కసారీ చూళ్ళేదు మెర్వ్. కారుల్లో తిరగడం ఇష్టముండేది కాదా?"

మెర్విన్ టీ కప్పు గడ్డి మోపు మీద పెట్టేశాడు.

"కారు తయారయ్యాక పదకొండేళ్ళు. ప్రతి ఆదివారం అడిగేవాణ్ణి. జీనా, పద, సముద్రం ఒడ్డున తిరిగొద్దాం అని. నడుం నొప్పి, నువ్వెళ్ళిరా అనేది. నా పాత వ్యానులో మాత్రం ఎక్కడికైనా వచ్చేది. పెరట్లో బంగాళాదుంపలు తనే తవ్వేది. ఈ కారు మాత్రం ఎక్కలేదు. ఒక్కసారి కూడా." ఆయన కళ్ళు తుడుచుకోలేదు. "తను ఏం చెప్పినా కాగితం అడిగినవాణ్ణి, థెల్మా. ఆ నడుం నొప్పి ఒక్కటే అడక్కుండా నమ్మాను."